పేరు లేని గ్లాసు

మదనపల్లె,
12-6-2023

తమ్ముడు చెంగల్రాయుడికి అక్క రాసేది,

నీ జాబు నిన్న పైటాల వచ్చింది. మూడుసార్లు చదివినాను. నీకు చెవులు మందమైన కాడ్నుంచి ఫోను మూలన బెట్టి మళ్ళా జాబుల్లోకి దిగినాం గదా, నాకైతే ఇదే బాగుండాది. ఫోన్లో నువ్వు "ఆఁ, ఆఁ" అంటా ఉంటావు, నేను అరస్తా ఉంటాను, పక్కింటోళ్ళు మా ఇంట్లో ఏదో జగడమనుకుంటారు.

సంగతికొస్తాను. మన పల్లె పాలసెంటర్లో ఇంగ అందరికీ ఒకటే లైను, ఒకటే క్యాను అని తీర్మానం రాసి, సెంటర్ నడిపే పని యమున చేతికిచ్చినావని చదివి నాకు ఏడుపొచ్చింది. నాయన ఆ సెంటర్‌కు ప్రెసిడెంటుగా ఉన్నప్పుడు చూసినాం గదా. మనోళ్ళంతా పోసి పోయేదాకా ఎస్సీ కాలనీ వాళ్ళు గోడ బైట నిలబడాల. వాళ్ళ పాలకు వేరే క్యాను, దాని మెడకు ఎర్రగుడ్డ పీలిక. యమున వాళ్ళమ్మ మంగమ్మ ముప్పై ఏండ్లు ఆ పీలిక ఉన్న క్యాన్లోనే పోసింది. ఈపొద్దు మంగమ్మ కూతురు ఊరందరి పాలకు కొలత పెడతాదంటే, అది నా తమ్ముడు చేసిన పని అంటే, నేను ఊరికే ఉంటానా. వీధంతా చెప్పుకున్నాను.

ఒక్క మాట మాత్రం గుర్తుపెట్టుకో. ఆ పిల్ల కుప్పంలో కాలేజీ ల్యాబులో మంచి పనిలో ఉన్నింది. పల్లెకు రానని మొండికేసింది. "ఆడ నన్ను పాలల్లో చెయ్యి ఎవురు పెట్టనిస్తారమ్మా" అనింది. నేనే ఒప్పించినాను. మా తమ్ముడు ప్రెసిడెంటు, మాట ఇచ్చినాడు, నీకేం భయం లేదు అన్నాను. నా మాట మీద వచ్చింది. అంటే నీ మాట మీద వచ్చినట్లే.

నీ పెండ్లాం రాజేశ్వరి మొగం మాడ్చుకోని ఉండాదని రాసినావు. దాన్ని కసురుకోవద్దు. నీకొక సంగతి చెప్తాను, ఇంతవరకు ఎవురికీ చెప్పలేదు. ఆరేండ్ల కింద యమునకు హాస్టల్లో సీటు రాలేదని నువ్వే నా ఇంటికి పంపినావు, గుర్తుందా. నేను ముప్పై ఏండ్లు పెద్దాస్పత్రిలో నర్సుగా చేసినదాన్ని. ఎవురి నెత్తురు తుడవలేదు నేను, ఎవురి పురుడు చూడలేదు? అట్లాంటిదాన్ని, ఆ పిల్ల ఇంట్లో కాలుపెట్టిన రోజు నా చెయ్యి యాడికి పోయిందో తెలుసా. మా ఇంట్లో స్టీలు గ్లాసులన్నిటికీ నా పేరు కొట్టించింటా. ఒక్కదానికి పేరు లేదు, ఎప్పుడో కొసరుగా వచ్చింది. ఆ పేరు లేని గ్లాసు తీసి యమునకిచ్చి, "ఇది నీది, ఎవురిది వాళ్ళు కడుక్కుంటే పని తేలిక" అన్నాను. నా గ్లాసులు స్టాండులో. ఆ పిల్ల దాని గ్లాసు కడిగి కిటికీలో బోర్లించేది. ఆరు వారాలు అట్ల జరిగింది.

ఆమైన ఒకరోజు నాకు జరం వచ్చి లేవలేకపోయినాను. ఆ పిల్ల గంజి కాచి, చేతికందిన తన గ్లాసులోనే పోసి నాకు తాపింది. తాగినాను. జరం తగ్గినాక ఆ గ్లాసు తీసి నా గ్లాసుల్లో కలిపేసినాను. మళ్ళా వేరు చెయ్యలేదు. యమునకు ఇదేం తెలీదు, తెలిస్తే నేను తలెత్తుకోలేను. ఇదంతా యాల రాస్తాండానంటే, మనిషి మారేదానికి కొన్నాళ్ళు పడతాది, నేను మారినాను, రాజేశ్వరి గూడా మారతాది. చదివినాక ఈ జాబు చించేయి.

మోకాళ్ళకు పంపిన నూనె రాసుకుంటాండావా, అట్లే అటక మీద పెట్టినావా?

మీ అక్క
శారద


పల్లె, చౌడేపల్లె పోస్టు,
5-7-2023

అక్కకు తమ్ముడు రాసుకున్నది.

నూనె అటక మీదనే ఉండాది. ఒకసారి రాసుకోని కొట్టంలోకి పోతే ఎనుము గూడా మొగం తిప్పుకునింది. వాసన లేనిది ఉంటే పంపు.

యమున పని దివ్యంగా చేస్తాండాది. పొద్దన్నే అయిదుకంతా వచ్చేస్తాది. కంప్యూటర్ కాడ కుర్చీ ఏయించినా, నెత్తిన ఫ్యాను. కలెక్టరమ్మ మాదిరి కూర్చోని టకటకా చీటీలు కొట్టిస్తాది. పాలు కొలిసేది, శాంపిల్ తీసేది, ఆ కష్టమంతా అంజినప్ప సూసుకుంటాండాడు. నువ్వు వాని మీద ఏమేమో అంటావు గానీ, మన చిన్నాయన కొడుకు గదా, అడక్కముందే సాయానికొచ్చినాడు. లైను ఒకటే, క్యాను ఒకటే. ఎర్రగుడ్డ నేనే పీకి పొయ్యిలో ఏసినా.

పోయిన వారం మంగమ్మ ఆవు ఈనింది. యమున చెంబునిండా జున్నుపాలు తెచ్చింది. రాజేశ్వరి తానే వాకిట్లోకి పోయి అందుకునింది. బెల్లమేసి చేస్తే ఇంటిల్లిపాదీ తిన్నాం, చానా బాగున్నింది. సూసినావా, నువ్వన్నట్లే నీ మరదలు మారిపోయింది.

నీ గ్లాసు కత చదివి ఒకటే నవ్వు నాకు. రాజేశ్వరికి గూడా చదివి వినిపించినా. "అంత చదువుకున్న వదినమ్మకే ఆరు వారాలు పట్టిందా" అనింది. దాని మనసు కుదుటపడింది.

టమోటాకు ఈసారి ఉండే గిరాకీ నాకంటే నీకే బాగా తెలుసు, మార్కెట్ పక్కనే ఉండావు. నేను తోట పీకేసిన వారానికి రేటు లేసింది. నా జాతకం నీకు తెలిసిందే గదా.

పుంగనూరులో చెవుల డాక్టరు మిషను పెట్టుకోమన్నాడు. పెట్టుకుంటే ఊరోళ్ళ మాటలన్నీ వినాల్సొస్తాది, వద్దులే అని వచ్చేసినా.

ఇట్లు నీ తమ్ముడు
చెంగల్రాయుడు


మదనపల్లె,
2-8-2023

చెంగల్రాయా,

ముందు నిన్ను తిట్టాల. నా జాబు రాజేశ్వరికి యాల చదివినావు? చించేయమని రాసింది నీకు కనపడలేదా? చెవులు పోతే పోయినాయి, కండ్లు బాగుండాయి గదా. అది నవ్వుకునే కత కాదప్పా. అది నా సిగ్గు. నువ్వు నా వెనకాల పుట్టినోడివని, నిన్ను చంకనేసుకోని తిరిగినదాన్నని నీకు మాత్రం చెప్పుకున్నాను. చించేసినానని ఒక ముక్క రాయి, నాకు నిదానమవుతాది.

ఇంగ రెండోది. యమున మొన్న ఫోన్ చేసింది. ఏమడిగినా "బాగుండానమ్మా" అంటాది. నేను నర్సును. బాగుండామని చెప్పే పేషెంట్లనే మేము ముందు చూసేది. గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు చెప్పింది, చేరిన కాడ్నుంచి ఇంతవరకు పాలక్యాను మూత గూడా అది ముట్టలేదంట. శాంపిల్ గరిటె చేతికి తీసుకుంటే అంజినప్ప లాక్కున్నాడంట. "అయ్య నన్ను కుర్చీలోనే ఉండమన్నాడమ్మా" అనింది.

నువ్వు మర్యాదకు కుర్చీ వేయించినావు. దాన్ని అడ్డం పెట్టుకోని అంజినప్ప ఆ పిల్లను పాలకు దూరంగా కూర్చోబెట్టినాడు. నీకిది తట్టలేదు. నువ్వు మెత్తనోడివి, చిన్నప్పట్నుంచి అంతే, ఎవురు నవ్వితే వాళ్ళు మంచోళ్ళు నీకు. ఆ పిల్ల డిగ్రీ చదివింది చీటీలు కొట్టేదానికి కాదు. గరిటె దాని చేతికియ్యి. అంజినప్పకు అంత సాయం చెయ్యాలని ఉంటే పేడ ఎత్తమను.

వాసన లేని నూనె లేదు. అదే రాసుకో.

మీ అక్క
శారద


పల్లె, చౌడేపల్లె పోస్టు,
20-9-2023

అక్కకు,

నీ మాట మీద గరిటె యమునకిచ్చినా. ఏం జరిగిందో విను.

మర్నాడు పై వీధిలో సగం ఇండ్లు పాలు తేలేదు. ఆ మర్నాడు ఇంగొన్ని. ఒకామె పాలు విరిగినాయనింది, ఇంగొకామె నెయ్యి వాసనొస్తాందనింది. పుంగనూరు నుంచి కంపెనీ సూపర్వైజర్ వచ్చి పరీక్ష జేసి, పాలు అమృతం మాదిరి ఉండాయి, మీకేం రోగమని అడిగినాడు. పదిరోజులకు అంజినప్ప సదుం నుంచి ఒక ప్రైవేటు వ్యాను పిలిపించినాడు. మన సెంటర్ ఎదురుగ్గానే నిలబెట్టి దాంట్లో పోస్తాండారు. ఈడ యమున గరిటె పట్టుకోని నిలబడుంటాది, కాలనీ పాలు, మా ఇంటి పాలు, ఇంగో రెండిండ్ల పాలు.

నాకు టీ అంగట్లో ఎవురూ జరిగి చోటియ్యడం లేదు. అంజినప్ప కూతురికి నిశ్చితార్థమైంది, ఊరంతా పోయినారు, నాకు పిలుపు లేదు. రాజేశ్వరి మూడు రోజులు అన్నం తినలా. నువ్వు మదనపల్లెలో కూర్చోని గరిటె ఎవురి చేతిలో ఉండాలో రాస్తావు, ఈడ పొద్దన లేస్తే వీళ్ళ మొగాలు సూడాల్సింది నేను. ఇది నీకు తెలియాలనే రాస్తాండా, నిన్ను అనాలని కాదు.

అయినా నువ్వు దిగులుపడొద్దు. నాయన మీద ఒట్టు పెట్టి చెప్తాండా. నేను ప్రెసిడెంటుగా ఉండంగా యమునను ఆ సెంటర్లో నుంచి కదిలించేవాడు లేడు. నువ్వు మాత్రం ఈడికి రావద్దు. నువ్వొస్తే "అక్క ఆడిస్తాంటే ఆడతాండాడు" అంటారు.

జాబు ఆ రోజే చించేసినా. మనసులో పెట్టుకోవద్దు.

నీ తమ్ముడు
చెంగల్రాయుడు


మదనపల్లె,
6-11-2023

నాయనా చెంగల్రాయా,

నీ జాబు దిండు కింద పెట్టుకోనుండాను. పోయినసారి నిన్ను అనరాని మాటలన్నాను, మనసులో పెట్టుకోవద్దు. టీ అంగట్లో చోటియ్యకపోతే ఇంట్లో తాగు. పిలవని నిశ్చితార్థానికి పోకపోతే కడుపన్నా చెడకుండా ఉంటాది. నాయన మీద ఒట్టు పెట్టినావు చూడు, ఆ ఒక్క మాట చాలు నాకు.

ఆ మాట పట్టుకోనే నేనొక పని చేసినాను. కుప్పం కాలేజీ వాళ్ళు యమునకు మళ్ళా ఫోన్ చేసినారు. ల్యాబులో దాని తావు ఇంగా ఖాళీగా ఉండాది, వస్తే చేర్చుకుంటామన్నారు. ఆ పిల్ల పోదామనే అనుకునింది. నన్నడిగింది. నేను నీ జాబు ఫోన్లో చదివి వినిపించినాను, నాయన మీద ఒట్టు దాకా. "ఇప్పుడు నువ్వు పోతే వాళ్ళు గెలిచినట్లు. మా తమ్ముడు ఊరందరితో పగ పెట్టుకోని నీకోసం నిలబడినాడు, ఆయన్ను ఒంటరిని చేసి పోతావా" అన్నాను. ఆమైన "సరేమ్మా, ఉంటాను" అనింది.

నీ మాట నమ్మి నేను, నా మాట నమ్మి ఆ పిల్ల. చూసుకో మరి.

ఈ నెల్లో చలి ఎక్కువుండాది. చెవులకు మఫ్లర్ చుట్టుకో, సిగ్గుపడొద్దు.

మీ అక్క
శారద


పల్లె, చౌడేపల్లె పోస్టు,
11-2-2024

అక్కకు నమస్కారాలు.

ఈడ అందరం బాగుండాం. జాబు ఆలస్యమైంది, ఏమనుకోవద్దు. పెద్ద ఎనుముకు కాలు బెణికింది, ఇప్పుడు నడస్తాండాది. అలసందలు బాగా కాసినాయి, ఎవురన్నా మదనపల్లెకు వస్తాంటే పంపిస్తా. అంజినప్ప కూతురి పెండ్లి బాగా జరిగింది. మమ్మల్ని ఇంటికొచ్చి పిలిసినారు. ముందు పంక్తిలోనే కూర్చోబెట్టినారు. నీ మరదలు కొత్త చీర కట్టుకునింది, నువ్వు పెట్టిన చీరే.

పాలసెంటర్ మీటింగు అయిపోయింది. అందరూ కలిసి ఒక మాట అనుకున్నారు. యమునకు కొన్నాళ్ళు రెస్టు. అది గూడా అలిసిపోయింది పాపం. సెంటర్ అంజినప్ప సూసుకుంటాడు. కాలనీ వాళ్ళ పాలకు మళ్ళా వేరే క్యాను, అది ఊరికే తాత్కాలికంగా, జనం సర్దుకునేదాకా. వ్యాను ఎల్లిపోయింది, ఊరు ఒకటైంది. సెంటర్ మూతపడకుండా కాపాడుకున్నాం, అదే పెద్ద సంగతి.

మీటింగులో నీ మాట గూడా వచ్చింది. మర్యాదగానే వచ్చింది.

నీ తమ్ముడు
చెంగల్రాయుడు


మదనపల్లె,
19-2-2024

చెంగల్రాయుడికి,

మంగమ్మ వచ్చిపోయింది. పుంగనూరులో బస్సు మారి, పొద్దన్నే వచ్చింది. నేరుగా నా వంటింట్లోకి వచ్చే మనిషి, ఈసారి గేటు కాడ నిలబడింది. లోపలికి రా అంటే రాలేదు. "నీళ్ళన్నా తాగు మంగమ్మా" అంటే నా మొగం చూసి "ఏ గ్లాసులో ఇస్తావమ్మా" అనింది.

అరుగు మీద కూలబడినాను. మంగమ్మ గేటు పట్టుకోని నిలబడే చెప్పింది అంతా.

మీటింగులో నువ్వు జోబీలో నుంచి నాలుగు మడతల కాగితం తీసినావంట. చించేసినానని నాకు రాసిన కాగితం. "యమునను చదివించిన మా అక్కే, అంత పెద్ద నర్సే, దాన్ని ఇంట్లో పెట్టుకోని వేరే గ్లాసు పెట్టింది, ఇది మా అక్క దస్తూరీ, సూడండి" అన్నావంట. చెవులు వినపడనోడివి గదా, నీ గొంతు నీకు తెలీదు. గట్టిగా చదివినావంట. కాలనీ దాకా వినపడిందంట. పేరు లేని గ్లాసు, కిటికీలో బోర్లించేది, ఆరు వారాలు, ఒక్క ముక్క వదల్లేదంట. జరం వచ్చిన కాడికి వచ్చేసరికి కాగితం మడిచేసినావంట. గంజి సంగతి యాల చదవలేదప్పా? అది నా దస్తూరీ కాదా?

అప్పుడు యమున యాడుండాది? నీ ముందరే. తీర్మానాల బుక్కులో రాసే పని సెంటర్ నడిపేవాళ్ళదే గదా. నువ్వు చెప్తాంటే ఆ పిల్ల రాసిందంట. తనను తీసేసే తీర్మానం, వాళ్ళమ్మ పాలకు వేరే క్యాను పెట్టే తీర్మానం, తన చేత్తోనే రాసి, అందరి సంతకాలూ తీసుకోని, బుక్కు మూసి నీ చేతిలో పెట్టి పోయిందంట.

జున్నుపాల సంగతి గూడా చెప్పింది. చెంబు మళ్ళా తెచ్చుకునేదానికి యమున మీ ఇంటెనక్కి పోతే, ఆ పాలు కుడితి తొట్లో ఉండాయంట. ఇంటిల్లిపాదీ తిన్నాం, బెల్లమేసి చేసింది అని రాసినావు నాకు. ఆ పిల్ల అది కండ్లారా చూసి గూడా నాకు చెప్పలేదు, నా తమ్ముడి మీద నాకు మనసు విరగకూడదని.

అంజినప్ప చేసింటే తిట్టుకోని ఊరుకుందును. నువ్వు చేసినావు. నా చేత్తో నేను రాసిచ్చిన దాంతోనే చేసినావు. నాయన మీద ఒట్టు పెట్టినావు, ఆ ఒట్టు నేను ఆ పిల్లకు చదివి వినిపించి కుప్పం పోనీకుండా ఆపినాను. ఇప్పుడు ఆ పిల్ల నా ఫోను తీయడం లేదు.

ఏం చెప్తావో చెప్పు.

శారద


పల్లె, చౌడేపల్లె పోస్టు,
10-3-2024

అక్కా,

నీ జాబు రాజేశ్వరికి చదవలా. ఎవురికీ చదవలా.

నేను అబద్ధం చదవలేదు. నువ్వు రాసిందే చదివినా. గంజి దాకా చదివింటే వాళ్ళు "అయితే నీ అక్క మారింది, నువ్వూ మారినావు, ఇంగ మేమూ మారాలా" అని మళ్ళా మొదటికొస్తారు. నాకు అప్పటికే ఓపిక లేదు. ఆరు నెలలు నన్ను ఊర్లో పలకరించినోడు లేడక్కా. పొలానికి పోతే పక్క చేని గెనుం గట్టు మీదోడు ఈపు తిప్పుకుంటాడు. ముసిలోడైనాక ఒంటరిగా ఉండేది నావల్ల కాలా. ఆపొద్దు మీటింగులో అంజినప్ప లేసి, "నువ్వు మనోడివా, వాళ్ళోడివా, ఇప్పుడే చెప్పు" అన్నాడు. అందరూ నా మొగమే సూస్తాండారు. నీ జాబు జోబీలోనే ఉండాది. చించబుద్ధి కాలా, నువ్వు మనసు విప్పి రాసినావని దాచుకున్నా. తీసినా. "మా అక్కంతటిదే చేసింది, మాది తప్పెట్లయితాది" అన్నా. అందరూ సప్పట్లు కొట్టినారు. నాకది వినపడింది.

ఇంగొకటి గూడా చెప్పేస్తా, దాచిపెట్టి లాభం లేదు. కుర్చీ ఏయించింది అంజినప్ప ఉపాయం కాదు. నాదే. పేరుకు పని ఇస్తే కాలనీ వాళ్ళు సంతోషిస్తారు, పాలు ముట్టకపోతే మనోళ్ళు గమ్మునుంటారు, ఇద్దరికీ సరిపోతాదనుకున్నా. నువ్వు తప్పు వాని మీద ఏసినావు, నేను గమ్మునుండినా. నువ్వు గరిటె ఇయ్యమనకుండా ఉంటే ఆ పిల్ల ఈపొద్దుకు గూడా ఆ కుర్చీలోనే ఉండేది. ఇది నీకు కోపం తెప్పిస్తాదని తెలుసు. కానీ నిజం.

నేను చెడ్డోడిని కాదక్కా. నీకు తెలుసు. మే నెలలో మన ఊరి గంగమ్మ జాతర. నువ్వు రా. యమునను గూడా తీసుకోని రా. ఇంటి ముందర పందిలేస్తాం, అందరికీ ఆకుల్లోనే పెడతాం, గ్లాసుల గొడవే ఉండదు. నాలుగు రోజులు పోతే అందరూ మర్సిపోతారు.

నీ తమ్ముడు
చెంగల్రాయుడు


కుప్పం బస్టాండు,
5-5-2024, ఆదివారం

చెంగల్రాయుడికి,

పలమనేరు బస్సుకు ఇంగా టైముండాది. బెంచీ మీద కూర్చోని రాస్తాండాను, దస్తూరీ బాగుండదు.

యమునను చూసేదానికి వచ్చినాను. స్టేషనెనక ఒక గదిలో ఉండాది. కాలేజీ ల్యాబులో దాని తావులో వేరేవాళ్ళు వచ్చేసినారు. నవంబర్లో పిలిచినప్పుడు పోనీకుండా ఆపింది నేనే గదా. ఇప్పుడు వారానికి ఆరు రోజులు పొద్దు పుట్టకముందే రైలెక్కి బెంగుళూరు పోతాది. బట్టల కంపెనీలో చొక్కాలకు గుండీలు సరిగ్గా కుట్టినారా లేదా అని చూసే పని. మాపటి రైలుకు వస్తాది. చిక్కిపోయింది. నన్ను చూసి లోపలికి రమ్మంది, చాప వేసింది. గేటు కాడ నిలబెట్టలేదు.

నీ మీద కోపమంతా దాని ముందర కక్కాలని పోయినాను. మా తమ్ముడు నన్ను మోసం చేసినాడు, గొంతు కోసినాడు అని చెప్పుకుంటా పోయినాను. అంతా విని, "అయ్య ఇట్ల చేస్తాడని నాకు తెలుసమ్మా. కుర్చీ వేసిన రోజే తెలుసు. మీరు రాస్తారని తెలీదు" అనింది.

గ్లాసు సంగతి తప్పయిందని చెప్పినాను. మొగం ఎత్తలేక నేల చూసి చెప్పినాను. దానికి యమున ఏమనిందో నీకు ఉన్నదున్నట్లు రాస్తాండాను. "అది నాకు రెండో రోజే తెలుసమ్మా. కిటికీలో బోర్లించమన్నారు చూడండి, అప్పుడే. మా ఊర్లో టీ అంగడి కాడ గూడా మా గ్లాసులు కిటికీలోనే. మా అమ్మ బాధపడతాదని చెప్పలా. మీరు ఆ గ్లాసు తీసి స్టాండులో పెట్టిన రోజు మాత్రం అమ్మకు ఫోన్ చేసి, శారదమ్మ చానా మంచిదని చెప్పినా. ఎందుకు మంచిదో చెప్పలా. ఆరేండ్లు మీ పరువు నేను దాచినానమ్మా. మీరు దాన్ని మీ మరదలి మనసు కుదుటపడేదానికి పంపించినారు."

నీకు తెలుసా, ఆ జాబు రాసిన రోజు నాకు చానా తేలిగ్గా అనిపించింది. నా సిగ్గు కడిగేసుకున్నాననుకున్నాను. అది నా ఒక్కదాని సిగ్గు కాదని, సగం ఆ పిల్లదని, దాన్ని అడక్కుండా రాసే హక్కు నాకు లేదని తట్టనే లేదు. నువ్వు దాన్ని ఊరందరి ముందర చదివినావు. అంతకుముందు నీకు రాసిచ్చింది నేను. నీ పాపం నీది. నేను దాన్ని తక్కువ చెయ్యను. నాది గూడా ఇంగ నీ మీద వెయ్యను.

జాతరకు రాను. యమునను పిలవమన్నావు, పిలవలేదు. నాలుగు రోజుల్లో అందరూ మర్సిపోతారని రాసినావు. మర్సిపోయేవాళ్ళు మీరు. మంగమ్మ ఈపొద్దు గూడా గోడ బైట నిలబడి ఎర్రగుడ్డ క్యాన్లో పాలు పోసింటాది.

ఈ జాబు చించొద్దు. పాతదాని జతకు పెట్టి జోబీలోనే ఉంచుకో. మళ్ళా మీటింగు పెడితే ఇది గూడా తియ్యి. ఈసారి చదివితే ఆఖరుదాకా చదువు, నీ గొంతు ఎట్లా కాలనీ దాకా వినపడతాది.

యమున కాఫీ ఇచ్చింది. కొత్త స్టీలు గ్లాసు, దాని మీద తన పేరు కొట్టించుకోనుండాది. తాగినాను. తాగి ఆ గ్లాసు తీసుకోని కుళాయి కాడికి పోయినాను. ఎవురిది వాళ్ళు కడుక్కోవాలని ఆ పిల్లకు చెప్పింది నేనే గదా. వద్దంటాదేమోనని ఒక నిముసం ఆగినాను. అనలేదు. కడిగినాను. యాడ పెట్టాలో తెలీక గ్లాసు పట్టుకోని నిలబడినాను. యమున చెయ్యెత్తి కిటికీ చూపించింది. ఆడ బోర్లించి వచ్చేసినాను.

శారదమ్మ